ఊగని బల్ల

మా బావ ఆరిన్‌కు ఈ భూమ్మీద ఏ బల్లను చూసినా ఊగుతున్నట్టే ఉంటుంది. కూర్చోబోయే ముందు రెండు చేతులూ దాని అంచున వేసి ఒక్క కుదుపు కుదుపుతాడు. కనుబొమలు ముడుస్తాడు. "ఊగుతోంది" అంటాడు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి మడతపెట్టిన అట్టముక్క తీసి దాని కాలి కింద దూరుస్తాడు. ఆ జేబులో ఎప్పుడూ అరడజను అట్టముక్కలుంటాయి. ఉతికే ముందు తీయడం మరిచిపోయిన రోజున మా అక్క వెర్నా పెట్టే శాపనార్థాలు వీధి చివరిదాకా వినిపిస్తాయి.

పెళ్లయిన కొత్తలో ఆయనకు ఈ జబ్బు లేదు. ఎక్కడ తగులుకుందో గానీ మూడేళ్లుగా పట్టి పీడిస్తోంది. మా మేనకోడలి పెళ్లిలో కేకు పెట్టిన బల్లను కూడా కుదిపి చూశాడు. మూడంతస్తుల కేకులో పై అంతస్తు వెళ్లి పాస్టరుగారి ఒళ్లో కూర్చుంది. ఊరంతా గుడ్లప్పగించి చూస్తుంటే, "చెప్పానా, ఊగుతోందని!" అన్నాడు. పెద్దాయన ఒకరు పోతే ఆఖరి చూపుకు వెళ్లి, శవపేటిక కింది బల్ల మీద చెయ్యి వేశాడు.

"వదిలెయ్ బావా, ఆయనకు ఇంక పడినా దెబ్బ తగలదు" అన్నాను చెవిలో.

"తగలకపోతే మాత్రం? మర్యాద ఉండక్కర్లా?" అని అట్టముక్క తీశాడు.

వీటన్నిటినీ భరించవచ్చు. నా బాధ వేరు. మోంటానా కొండల కింద ఉన్న ఈ ఊరికంతటికీ ఒకే ఒక్క కాఫీ హోటలుంది, అది నాది. అందులో పదకొండు ఓక్ బల్లలున్నాయి, మా నాన్న కొన్నవి. రోజూ పొద్దున ఆరింటికి బావా, ఆయన ప్రాణస్నేహితుడు డెల్మరూ వస్తారు. కాఫీ పోసి నేను అటు తిరుగుతానో లేదో, "లోర్నా, నీ బల్ల ఊగుతోంది, కాఫీ అంతా ఒలికిపోయింది!" అని పదిమందిలో కేక. మర్నాడు ఇంకో బల్ల దగ్గర కూర్చోబెడతాను. అదీ ఊగుతుంది. పదకొండు బల్లలకూ కలిపి మూడేళ్లలో ఆయన పెట్టిన అట్టలతో ఓ గుడిసె వేసుకోవచ్చు. నాకు ఒళ్లు మండిపోయేది.

డెల్మర్ గురించి చెప్పాలి. నలభై ఏళ్లు గుర్రాలకు నాడాలు కొట్టిన మనిషి. కానీ ఊళ్లో ఆయన పేరు నిలబడింది తూటాల వల్ల. మా వైపు నవంబరులో దుప్పి వేటకు కొండెక్కే మగాడు, ఆడది, ఎవరైనా సరే, పేలిన తూటాల ఇత్తడి గొట్టాలను దాచుకుని, మందూ సీసమూ చేతి ప్రెస్సుతో మళ్లీ తామే నింపుకోవాలి. కొట్లో కొన్న తూటాతో కొండెక్కినవాణ్ణి, చర్చి విందుకు కొట్లో కొన్న తీపిరొట్టె తెచ్చిన ఇల్లాలిని చూసినట్టు చూస్తారు. డెల్మర్ నింపిన తూటా గురి తప్పిందని ముప్పై ఏళ్లలో ఎవరూ అనలేదు.

అలాంటివాడు మొన్న అక్టోబరులో మా హోటలు గోడ మీద ఓ చీటీ అంటించాడు. "తూటాలు నింపే ప్రెస్సు అమ్మకానికి ఉంది." అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

బావ అది చదివి చర్రున చింపాడు. "ఏంట్రా ఇది?"

"ఈసారి వేట గుడారానికి నేను రానురా" అన్నాడు డెల్మర్, చేతులు ఒళ్లో దాచుకుని. "ఈ చేతులు నిలవడం లేదు. మందు గొట్టంలో పడేదానికంటే నేల మీద పడేది ఎక్కువ. కొట్టు తూటాలు పట్టుకొచ్చి మీ ముందు నిలబడలేను."

"చేతులకేం రోగం? నీ బల్లే ఊగుతోంది!"

"ముప్పై ఏళ్లు ఊగనిది ఇప్పుడెందుకు ఊగుతుంది?"

"ముసలిదైపోయింది, మనలాగే. నేను మా గ్యారేజీలో కడతాను చూడు. అదీ ఊగితే అప్పుడు అమ్ముకో నీ ప్రెస్సు."

వేట మొదలవడానికి పదిహేను రోజులుంది. ఆ రోజే పికప్పు బండిని మంచులోకి తోసేసి గ్యారేజీ ఆక్రమించాడు. కంచె గుంజలంత లావు కాళ్లు. ప్లైవుడ్ రెండు పొరలు, మధ్యలో జిగురు, దాని మీద జానెడుకో స్క్రూ. కింది అరలో ఆరు ఇసుక బస్తాలు. రోజూ చీకటి పడకముందే పూర్తయ్యేది. రోజూ కుదిపి చూసి "ఊగుతోంది" అని మళ్లీ విప్పేవాడు.

"ఏనుగును కట్టేస్తావా దానికి?" అంది అక్క.

"ప్రెస్సు పిడి కిందికి లాగినప్పుడు బల్ల ఇంత కదిలినా పని చెడుతుందే, నీకు తెలీదు."

చివరికి గోడకు బిగించాడు. గోడలోని దుంగలదాకా వెళ్లాల్సిన బోల్టులు మరీ పొడుగువి తెచ్చాడేమో, నాలుగూ అవతల వంటగదిలో తేలాయి. ఒకటి సరిగ్గా పిండిడబ్బాలో. అక్క ఆ సాయంత్రమే మిగతా మూడింటికీ గరిటెలు తగిలించింది. ఆవిడ తిట్టనందుకే బావ భయపడ్డాడు.

పరీక్షకు కసాయి గస్‌ను పిలిచారు. ఊళ్లోకెల్లా బరువైన మనిషి. బల్ల మీదికెక్కి బూట్లతో గంతులు వేశాడు. ఇల్లు ఊగింది గానీ బల్ల ఊగలేదు. బావ ముఖం వెలిగిపోయింది.

నేను మాత్రం చూస్తూ ఊరుకోలేకపోయాను. "బావా, తాటిచెట్టంత మనిషివి, నిలబడి పనిచేస్తావు. నడుం దగ్గరికైనా రాలేదే ఈ బల్ల? పైగా ముందు అంచున ఈ అర్ధచంద్రం లాంటి కోత ఏంటి?"

"కొలత తప్పాను" అన్నాడు, నావైపు చూడకుండా.

మూడుసార్లు కొలవనిదే మేకు కూడా కొట్టని మనిషి!

మర్నాడు మధ్యాహ్నం డెల్మర్ తన ప్రెస్సుతో వచ్చాడు. దాన్ని బిగించి కుర్చీ వేశారు. డెల్మర్ కూర్చున్నాడు. పొట్ట ఆ కోతలోకి సరిపోయింది, మోచేతులు రెండూ అటూ ఇటూ బల్ల మీద ఆనాయి. మందు కొలిచే గొట్టం బల్లకే బిగించి ఉంది. దాని కింద ఇత్తడి గొట్టాన్ని నిలబెట్టే గుంట ఉంది. చేత్తో ఎత్తి పోసే పనే లేదు. నేనూ అక్కా గుమ్మంలో నిలబడ్డాం. మొదటిసారి ఇత్తడి గొట్టం చేతిలోంచి జారి గింగిరాలు తిరిగింది.

"బల్ల ఊగిందా?" అన్నాడు బావ.

"లేదు."

"అయితే మళ్లీ పట్టు."

రెండోది నిలబడింది. ఒక్కోదాన్నీ డెల్మర్ త్రాసులో తూచాడు, బావ మళ్లీ తూచాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, మోచేతులు మాత్రం కదల్లేదు. మూడు గంటల్లో ఇరవై తూటాలు అట్టపెట్టెలో వరసగా కూర్చున్నాయి. డెల్మర్ పెట్టె మూత చాలాసేపు మూయలేదు.

నాకప్పుడు తట్టింది. నా బల్లలు ఊగడం మొదలైంది ఎప్పుడు? డెల్మర్ చేతిలో కాఫీ మొదటిసారి ఒలికినప్పుడు. జనం ఆ చేతివైపు చూడకముందే బావ బల్ల మీద కేకలేశాడు. ఒక్క నా హోటల్లోనే ఊగితే ఎవరికైనా అనుమానం వస్తుందని, చర్చినీ పెళ్లినీ చావునీ కూడా వదలకుండా మూడేళ్లు ఊరందరిలో పిచ్చివాడనిపించుకున్నాడు. ఆయన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ తాటిచెట్టు మనిషి మీద అంత ప్రేమ నాకు ఎన్నడూ కలగలేదు.

మర్నాడు ఆరింటికి ఇద్దరూ వచ్చారు. కాఫీ పోశాను. డెల్మర్ ఎత్తాడు, ఒలికింది. ఈసారి నేనే ముందు అందుకున్నాను: "ఈ పాడు బల్ల ఊగి చస్తోంది!"

హోటల్లో అందరూ ఇటు తిరిగారు. నా బల్లను నేనే అన్నందుకు గస్ తింటున్న గుడ్డు ముక్క జారవిడిచాడు.

"బల్లకేం, బాగానే ఉంది లోర్నా" అన్నాడు డెల్మర్ పెద్దగా. "వణికేది నా చెయ్యి. ఈ చేత్తోనే నిన్న ఇరవై తూటాలు నింపాను. ఓ గుడ్డ పట్రా తల్లీ."

"ఇరవైలో ఎన్ని పేలతాయి అన్నా?" అన్నాడు గస్.

"శనివారం గుడారానికి రా, లెక్కపెడుదువు గాని."

అందరూ గొల్లుమన్నారు. నేను గుడ్డతో బల్ల తుడిచి, నడుం మీద చేతులు వేసుకుని బావ ముందు నిలబడ్డాను. "విన్నావుగా? నా బల్లలను మూడేళ్లు ఆడిపోసుకున్నావు. ఇప్పుడు పదిమందిలో చెప్పు, తప్పయిందని."

బావ కాఫీ ఓ గుక్క తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"పది బల్లలకూ చెబుతాను. ఆ మూలది మాత్రం నిజంగానే ఊగుతుంది."

విసవిసా నడిచి వెళ్లి కుదిపి చూశాను. నిజంగానే ఊగుతోంది.