పసుపు రాసిన బ్యాటరీ

కువైట్ నుంచి వచ్చిన మా బావగారు సిగరెట్లు మానడానికని, పొగ బదులు ఆవిరి పీల్చే వేప్ యంత్రం తెచ్చుకున్నారు. దాని బ్యాటరీ పోతే అమలాపురంలో కొత్తది కొని, టార్చిలైట్లు బాగుచేసే నాకు ఈ రోజు చూపించారు. మీద ఛార్జి 9900 అని ఉంది. పెద్ద నంబరని అదే ఎంచుకున్నారట. ఆ సైజులో నిజానికి అందులో సగం ఛార్జి కూడా పట్టదు.

“ఇది దొంగ సరుకండీ బావగారూ. ఆ యంత్రం గుంజే కరెంటుకి పేలిపోద్దండి.”

“ఏం కాదులే బావా. పొద్దున్నే మీ అక్క పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది.”

చూస్తే పసుపు ఇంకా తడిగానే ఉంది. ఇనుము తగిలితే చాలు షార్టయ్యేదాన్ని, ఇంటి తాళాలున్న జేబులోనే వేసుకుని బండెక్కారు.

అక్కకి ఫోన్ చేస్తే, “ఇప్పుడిప్పుడే సిగరెట్లు మానేరురా, అడ్డుపడకు” అంది.

ఇలాంటివాళ్ళు ఏం చెబితే వింటారో తెలిసినవాళ్ళు చెప్పండి. మాకున్నది ఒక్క బావగారే.