ఎస్తేరు చెప్పిన సాక్ష్యం

ఎస్తేరు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త పోయాక పాకాల వదిలి, తిరుపతి శివార్లలో ప్రభుత్వం కట్టించిన మూడంతస్తుల ఇళ్ళకు వచ్చింది. ఇంటరు చదివే కూతురు పవిత్రతో పై అంతస్తులో ఉంటుంది. ఇన్నాళ్ళకు సొంత గోడలని మురిసిపోయింది. ఆ మురిపెం ఆరు నెలలే. గంజాయి తాగే నలుగురు మెట్ల మీద అడ్డా వేశారు. బల్బు పెట్టినప్పుడల్లా పగలగొట్టేవారు. కిటికీ లేని ఆ దారిలో పట్టపగలే మసక. ఆడవాళ్ళు కొంగు బిగించి, తలెత్తకుండా వాళ్ళను దాటుకుని పోయేవారు.

ఒక మధ్యాహ్నం ఎస్తేరు మెట్లెక్కుతుంటే పైనుంచి కేక వినిపించింది. పక్కింటి నాగులమ్మ దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆ నలుగురిలో పెద్దయిన గిరి, నాగులమ్మ మెడలోని గొలుసు గుప్పిట పట్టుకుని ఎస్తేరు భుజానికి రాసుకుంటూ కిందికి దూకాడు.

పోలీసులు వచ్చి అడిగితే ఎవరూ చూడలేదన్నారు. ఎస్తేరు కూడా అదే చెప్పింది.

సాయంత్రం గిరి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"మంచి పని చేసినావు అత్తా. పవిత్ర నాలుగు గంటల బస్సుకే గదా దిగతాది? నేను సూసుకుంటాలే."

నోరు మూసుకున్నా వాడు వదలడని ఎస్తేరుకు అప్పుడు అర్థమైంది. మరునాటి నుంచి కూతురు కాలేజీకి పోనన్నా, పోతానన్నా భయమే.

తుంటి ఎముక విరిగిన నాగులమ్మను చూడడానికి ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె నిందించలేదు.

"ఎనక నుంచి తోసినాడు, మొగం నాకు కనపడలేదు. నువ్వు సూసినావని నాకు తెలుసు. రేపు నీ బిడ్డ గూడా ఆ మెట్లే ఎక్కల్ల గదా ఎస్తేరూ" అంది.

ఇంటికి పోతే ధైర్యం చాలదని, అటునుంచి అటే స్టేషనుకు నడిచింది. ముందెందుకు అబద్ధం చెప్పావని ఎస్సై అడిగాడు.

"బయపడినాను సార్. ఇప్పుడూ బయంగానే ఉండాది. రాసుకోండి."

ఆమె వెనక ఆ ఇళ్ళల్లోని ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి తాము చూసింది చెప్పారు. గిరిని పట్టుకుపోయారు. తక్కిన ముగ్గురు చెదిరిపోయారు. మెట్లకు ఇనుప జాలీ బిగించిన దీపాలు వచ్చాయి. కింద గేటు పడింది.

రెండు నెలలకు గిరి బెయిలు మీద బయటికొచ్చాడు. గేటు దాటి లోపలికి రాడు. ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి పై అంతస్తు వైపు చూస్తుంటాడు. ఎస్తేరు రోజూ బస్టాపుకు పోయి పవిత్రను వెంటబెట్టుకుని వస్తుంది. ఆ ఇద్దరాడవాళ్ళూ తోడు వస్తారు.

వాయిదా వచ్చే నెలలో ఉంది. కోర్టులో పేరు పిలిచినప్పుడు గొంతు పెగులుతుందో లేదో ఆమెకే తెలియదు. పోవడం మాత్రం పోతానంటుంది.