పెద్దమ్మ సిగ్గుపడిన సంగతి

చేవెళ్ల పిల్లల ఇంటి పెద్దమ్మ పోయింది. పోయిన వారం ఒక పొద్దున నేను పిల్లలకు తలలు దువ్వుతుంటే బస్సు డ్రైవరు గేటు ముందు బండి ఆపాడు. "మొయినాబాదుల మీ పెద్దమ్మ పానం ఇడిసిందమ్మా. మీకు చెప్పుమన్నరు" అన్నాడు. తిరుగు బస్సులోనే వెళ్లాను.

సమాధి దగ్గర చర్చి సంఘం పెద్ద ఆమెను అనాథలందరికీ తల్లి అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ బతికుండగా ఆ మాట వింటే ఆమె అక్కడ నిలబడేది కాదు. ఎందుకో చెబుతాను. దాచమని ఆమె నాకెన్నడూ చెప్పలేదు. కొత్తగా ఈ పనికి వచ్చినవాళ్లకు ఆమే చెప్పేది.

చర్చి వాళ్లు నడిపే ఆ ఇంట్లో తల్లిదండ్రులు లేని పిల్లలూ, ఉన్నా సాకలేనివాళ్ల పిల్లలూ ఉండేవారు. వంట, స్నానాలు, జ్వరాలు, ఏడుపులు అన్నీ పెద్దమ్మ చేతి మీదుగానే నడిచేవి. భర్త పోయాక నేను ఆమెకు సాయంగా చేరాను. ఏ పిల్ల వచ్చినా ఆమె ముందు పేరు అడిగేది కాదు, అన్నం పెట్టేది. "కడుపు నిండితె పేరు చెప్తరు. అంతకుముందు అడిగితె ఏడుస్తరు" అనేది. మేనమామో నాయనమ్మో వచ్చి ఎవరినైనా తీసుకువెళ్తే, వాళ్లు ఊరు దాటకముందే ఆ పిల్ల పడుకున్న చాప కడిగి, ఆరబెట్టి, ఇంకొకరికి ఇచ్చేసేది. కొత్తలో ఆమెకు మనసు లేదనుకున్నాను. "చాప ఖాళీగ ఉంటె కండ్లు దానిమీదికే పోతయి బిడ్డా, పని సాగది" అని ఒకసారి తనే చెప్పింది.

ఇంకొక పట్టుదల ఉండేది. తనను ఎవరూ అమ్మా అనకూడదు. "అమ్మ గాదు, పెద్దమ్మ" అని ఎన్నిసార్లయినా దిద్దేది. కన్నతల్లి చచ్చిపోయినా సరే, ఆ పిలుపు ఆమెదే అనేది.

ఒక ఎండాకాలం మొయినాబాదు పక్కనున్న హిమాయత్‌నగర్ నుంచి ఒక కూలి మనిషి పాలు తాగే ఆడపిల్లను ఎత్తుకుని వచ్చింది. మొగుడు గత్తరకు, అదే కలరాకు, పోయాడు. తనకు దగ్గులో రక్తం పడుతోంది. పిల్లకు అంటుకుంటుందని డాక్టరు ఆమెను దూరంగా ఉన్న క్షయ దవాఖానకు పొమ్మన్నాడు. ఆమె కొంగుతో నోరు మూసుకుని పిల్లను అందించింది.

"బాగైనంక అస్త. అందాక నా బిడ్డకు నన్ను మరువనియ్యకు పెద్దమ్మా."

"మరువనియ్య. రోజు చెప్త" అంది పెద్దమ్మ.

కొన్నాళ్లు చెప్పింది కూడా. తరువాత దవాఖాన నుంచి కబుర్లు ఆగిపోయాయి. తల్లి పోయిందనే అందరం అనుకున్నాం. పెద్దమ్మ చెప్పడం మానేసింది. పిల్లకు మాటలు వచ్చాయి. ఒకరోజు ఆమె కొంగు లాగి "అమ్మా" అంది. నేను దిద్దబోయాను.

"చిన్నది, నోరు తిరుగది. ఉండనీ" అంది పెద్దమ్మ.

నోరు తిరిగాక కూడా ఉండనిచ్చింది. అంతమంది పిల్లల్లో ఆ ఒక్కదాన్నే దిద్దలేదు. తక్కిన పిల్లలు అది గమనించారు. నేనూ గమనించాను.

రెండు వానాకాలాలు గడిచాక, ఒక ముసురు రోజు ఆ తల్లి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. జుట్టు కత్తిరించి ఉంది. బాగా చిక్కిపోయింది, కానీ దగ్గు లేదు. బిడ్డ కోసం చేతులు చాచింది. పిల్ల బెదిరి, "అమ్మా! అమ్మా!" అని ఏడుస్తూ పెద్దమ్మ కాళ్లను వాటేసుకుంది.

ఆ తల్లికి అంతా అర్థమైంది. చాచిన చేతులు దించుకుంది. కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆమె బురదలోనే వంగి పెద్దమ్మకు మొక్కింది. "ఎంత మంచిగ సాకినవు నా బిడ్డను. నీ బాంచెను పెద్దమ్మా."

పెద్దమ్మ ముఖంలో నెత్తురు లేదు.

మర్నాడు జొన్నలు చెరుగుతూ నాతో అంది: "పిల్ల నా కాళ్లు పట్టుకున్నప్పుడు నాకు సంతోషమైంది. గా తల్లి ముందట్నే సంతోషమైంది." చేట కింద పెట్టింది. "ఆమె సచ్చిపోయిందనుకున్న అని అందరికి చెప్పిన. సచ్చిపోతె బాగుండు అనుకున్ననేమో. అది గూడ నాకు తెల్వకుంటనే."

నేను తల ఎత్తలేకపోయాను. ఇతరుల పిల్లలను పెంచే పనిలో ఉండి అలా అనుకోనివాళ్లు ఎవరు?

ఆ తల్లికి వంటింట్లోనే పని ఇప్పించింది పెద్దమ్మ. కానీ పిల్ల తల్లి దగ్గరికి పోలేదు. తల్లి ముద్ద కలిపి పెడితే పెదవులు బిగించేది. నెల తిరిగేసరికి పెద్దమ్మ తనను మొయినాబాదు దవాఖానలో పసిపిల్లల పనికి మార్చమని పెద్దలను అడిగింది. పిల్ల నిద్రపోతున్నప్పుడు వెళ్లిపొమ్మని నేనన్నాను. "దొంగలెక్క పోతె రేపు తల్లి నీళ్లకు పోయినా దడుసుకుంటది" అంది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "గామె నీ అమ్మ. నేను పెద్దమ్మను. నేను పోతున్న."

పిల్ల అరిచింది, గట్టిగా పట్టుకున్న తల్లి చేయి కొరికింది. తల్లి వదలలేదు. పెద్దమ్మ బండిలో వెనక్కి తిరిగి కూర్చుంది, పోతున్నంతసేపూ పిల్లకు తన ముఖం కనబడాలని. ఆ ముఖాన్ని ఏడుపు లేకుండా ఎట్లా ఉంచిందో నాకు తెలియదు.

ఆ తరువాత ఆమె చేవెళ్లకు రాలేదు, క్రిస్మసుకు కూడా. నేను చూడటానికి వెళ్తే అందరినీ పేరుపేరునా అడిగేది, ఆ పిల్లను తప్ప. "ఇప్పుడు తల్లి పక్కనే పడుకుంటున్నది" అని నేనే చెప్పాను ఒకసారి. "మంచిది" అని ఉల్లిగడ్డలు తరగడానికి లేచింది. తల్లీబిడ్డా ఒకసారి ఆమెను చూడటానికి మొయినాబాదు వెళ్లారు. లోపలే ఉండి, లేనని పక్కింటివాళ్లతో చెప్పించింది. వాళ్లు ఎండ దిగేదాకా అరుగు మీద కూర్చుని, తెచ్చిన రొట్టెలు అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

"ఎందుకు పెద్దమ్మా?" అని అడిగాను.

"ఆమె తిడితె ఎదురుగ పోదును. మొక్కుతది. నాతోని గాదు."

ఆ రొట్టెలు ఆమె తిన్నదో లేదో నేనడగలేదు.

ఈసారి కబురు తెలిసి తల్లీబిడ్డా నాతోపాటే బస్సెక్కారు. సమాధికి తీసుకువెళ్లే ముందు, స్నానం తానే చేయిస్తానని ఆ తల్లి అడిగింది. ఎవరూ కాదనలేదు. పెద్దమ్మ తలను ఒడిలోకి తీసుకుని చిక్కులు విప్పుతూ కూర్చుంది. పొయ్యి మీది నీళ్ల కుండ ఆ పిల్ల మోసుకొచ్చింది. ఇప్పుడు ఓణీ వేసుకునే వయసు. చెంబు ముంచి, ముందు తన మణికట్టు మీద ఇన్ని పోసుకుని చూసింది. వేడిగా ఉన్నట్టుంది, చన్నీళ్లు కలిపి మళ్లీ చూసుకుంది. ఆ మనిషికి ఇక వేడి తగలదని అక్కడున్నవాళ్లం ఎవరమూ అనలేదు.