సగం గుట్టలో తాళం అనుమానం

సదానందం అన్నకు ఒక్కటే జబ్బు. ఏ గుట్ట ఎక్కినా సరిగ్గా సగానికి రాగానే కారుకు తాళం వేశానా లేదా అని అనుమానం వస్తుంది. వచ్చి పోయే అనుమానం కాదు అది. రెండు చేతులతో జేబులు తడుముకుంటాడు, ఆకాశంలోకి చూస్తాడు, "ఏసిన్నా? ఏసినట్టే ఉన్నది. ఏయలేదేమో!" అంటాడు. ఇక దిగుడే.

ఆ కారు సంగతి కూడా చెప్పాలి. రియాద్‌లో, మలాజ్‌లోని మా గల్లీ చివర అది నిలబడి ఉంటే పిల్లులు కూడా దాని కింద పడుకోవు. వెనక తలుపుల్లో ఒకటి తెరుచుకోదు, ఇంకొకటి మూసుకోదు. మూసుకోనిదాన్ని తాడుతో కట్టేస్తాడు. దాన్ని ఏ దొంగైనా ఎత్తుకుపోతే మర్నాడు పొద్దున్నే తెచ్చి, తప్పయిపోయిందని దండం పెట్టి వెళ్తాడు.

"బావా, తలుపు మూసుకోని కారుకు తాళమేంది?" అని మా ఆయన లక్ష్మణ్ అడిగాడు ఒకసారి.

"మూసుకునేటియి మూడున్నయి కదా లచ్చన్నా" అన్నాడు అన్న.

మాకూ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు. ఆయనది జగిత్యాల పక్క, మాది సిరిసిల్ల పక్క. నన్ను చెల్లె అన్నాడు కాబట్టి మా ఆయనకు బావ అయ్యాడు. పదిహేడేళ్లుగా ఇక్కడ స్లాబులకు చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్. వారమంతా ఎండలో చెక్కలు మోసినవాళ్లు సెలవు రోజైన శుక్రవారం దుప్పటి తీయరు. ఈయన మాత్రం తెల్లారేసరికి మా తలుపు కొట్టేవాడు. "వారమంత మనిషి కట్టింది ఎక్కుతున్న, ఒక్కరోజన్న దేవుడు కట్టింది ఎక్కొద్దా?" అనేవాడు.

మొన్న వానాకాలంలో మా అమ్మ పోయింది. నేను పోవడానికి కాగితాలు చేతికి వచ్చేసరికి అక్కడ అంతా అయిపోయింది. ఫోనులోనే చూశాను. ఆ తర్వాత నాకు దేని మీదా మనసు లేదు. పొయ్యి దగ్గర నిలబడితే నిలబడే ఉండేదాన్ని. అన్నం మాడిన వాసన వచ్చినా చేయి కదిలేది కాదు. చూసి చూసి మా ఆయన, ఇక నన్ను ఎగ్జిట్ మీద ఇంటికి పంపించేస్తే మంచిదని ఆఫీసులో అడిగి వచ్చాడు. ఎగ్జిట్ అంటే పోవడమే, మళ్లీ రావడం ఉండదు. చలికాలం అయిపోయేలోపు మాట చెప్పమన్నారట. నేను అవుననలేదు, కాదనలేదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ అమ్మ ఊళ్లో ఉందనుకోవచ్చు. అక్కడికి పోతే లేదని తెలిసిపోతుంది. ఈ మాట ఎవరికి చెప్పుకోను?

ఆ రోజుల్లోనే అన్న నన్ను గుట్టలకు లాగడం మొదలుపెట్టాడు. తువైక్ కొండలు, పచ్చని ఆకు కనపడని రాళ్లు. నేను, మా ఆయన, నిజామాబాద్ రియాజ్, అన్న. సగం ఎక్కగానే తాళం అనుమానం. ఆయన దిగి, తలుపులన్నీ గుంజి చూసి, చెమటలు కక్కుతూ తిరిగి వచ్చేదాకా మేము రాళ్ల మీద కూర్చునేవాళ్లం. మళ్లీ నాలుగు అడుగులు వేసేసరికి, "డిక్కీ చూడలేదు!" అనేవాడు.

"సదానందం భాయ్, ఆ డిక్కీల ఏమున్నది? బంగారమా?" అని రియాజ్ అరిచేవాడు.

"స్టెప్నీ ఉన్నది!"

"అది పంచరై రెండేండ్లాయె భాయ్!"

"పంచరైతే మాత్రం నాది కాదా?"

అలా ఒక్కసారి కూడా కొన చూడలేదు మేము. మధ్యాహ్నం దాటిపోయేది, దిగి వచ్చేసేవాళ్లం.

ఒక శుక్రవారం గుట్ట మాని ఎర్ర ఇసుక దిబ్బలకు తీసుకుపోయాడు. మంచు మీద జారే ఆట ఫోనులో చూశాడట. సైటు నుంచి షట్టరింగ్ చెక్క ఒకటి తెచ్చి, దానికి సిమెంటు అంటకుండా పూసే నూనె దట్టంగా పూశాడు. "సిమెంటే అంటదు, ఇసుక అంటుతదా?" అని దిబ్బ మీద చెక్క వేసి కూర్చున్నాడు. ఇసుకంతా వచ్చి ఆ నూనెకు పట్టుకుంది. చెక్క జానెడు కదిలి ఆగిపోయింది. ఆగింది చెక్కే, అన్న ఆగలేదు. దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర లేచి కూర్చున్నాడు. మీసాల నిండా ఇసుక.

"చెల్లె, నవ్వినవా?"

"లేదన్నా."

"మరి పండ్లెందుకు కనపడ్డయి?"

తర్వాతి వారం నాకు జ్వరం తగిలి ఇంట్లో ఉండిపోయాను. ఎప్పుడూ సాయంత్రానికి వచ్చేవాళ్లు ఆ రోజు పదకొండింటికే వచ్చేశారు.

"గుట్ట ఎక్కలేదా?" అన్నాను.

"ఎక్కినం భాబీ, కొన దాంక పోయినం" అన్నాడు రియాజ్. "భాయ్ ఇయ్యాల మనిషి కాదు, మేక. ఎన్క తిరిగి చూడలే."

"తాళం?"

"నేనే యాది చేసిన. ఏసిన తియ్, నాకు తెల్వదా అన్నడు."

నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ప్రతిసారీ ఆ అనుమానం ఎప్పుడు వచ్చేదో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. నా అడుగు తడబడినప్పుడు. నేను రాయి పట్టుకుని ఆగినప్పుడు. "అల్సిపోయినవా చెల్లె?" అని మొదటి రోజు అడిగాడు, నేను లేదన్నాను. మళ్లీ అడగలేదు.

ఆ వచ్చే శుక్రవారం సగం గుట్టకు వచ్చేసరికి నాకు ఆయాసం మొదలైంది. అన్న చేయి జేబులోకి పోయింది. ఆకాశంలోకి చూశాడు. "ఏసిన్నా..."

"ఏసినవన్నా, నేను చూసిన" అన్నాను. "నాకే కాళ్లు ఆడుతలేవు. జర కూసుందాం."

నాకంటే ముందు ఆయనే కూలబడ్డాడు. "ఆ ముక్క మూడు నెలల కింద అంటే నోటి ముత్యాలు రాలుతుండెనా? దిగుడు, ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు! మోకాళ్లల్ల గుజ్జంత ఆ కారు తలుపుకే పెట్టిన!"

మా ఆయన నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. "ఆదివారం ఆఫీసుల ఏం చెప్పమంటవ్ భాగ్యా?" అని మెల్లగా అడిగాడు.

"ఎగ్జిట్ వద్దని చెప్పు. తిరిగొచ్చే కాయితం చెయ్యమను. అమ్మ సంవత్సరీకానికి పోయి, చూసుకొని వస్త."

"మళ్ల వస్తవా?" అన్నాడు అన్న కంగారుగా. "అంటే వచ్చే చలికాలం గూడ ఎక్కాల్నా?"

"ఎక్కాలె."

"రియాజ్! వీళ్లను తోల్కపో, నా తోని గాదు" అని ఆ బండ మీదే కాళ్లు చాపేశాడు.

ముగ్గురం కొన దాకా వెళ్లాం. అక్కడ అంచు, దాని కింద లోయ, అవతల ఎంత దూరం చూసినా నేల. గాలి కూడా లేదు. అంత నిశ్శబ్దంలో కింది నుంచి సదానందం అన్న గురక పైదాకా వినిపించింది.