గోంగూర పచ్చగా ఉండాలట

రసాయనశాస్త్రం బోధించి రిటైరైన నాకు అంకెలు తప్ప వేరే దేవుడు లేడు. పత్రహరితంలో ‘ఎ’ రకం అణువుకు పరమాణువులు నూట ముప్పై ఏడు. వాటిలో మెగ్నీషియం ఒకే ఒక్కటి. నాలుగు నత్రజనుల నడుమ పెళ్లిపీట మీది వరుడిలా కూర్చుంటుంది. ఎండను తిండిగా మార్చే ఈ ఏర్పాటు మీదే ఖమ్మం మిర్చి యార్డూ, భద్రాచలం అడవీ, మా నాయకుల పొట్టలూ సమానంగా ఆధారపడి ఉన్నాయి.

వైరాలో మా చెల్లెలు విందులకు వంట చేస్తుంది. ఈ ముహూర్తాల్లో ఆమెకు దొరికేలా ఉన్న పెద్ద పని ఒక్కటే, ఖమ్మంలో ఒకాయన కూతురి పెళ్లి. ఆయన షరతు కూడా ఒక్కటే: గోంగూర పచ్చడి ఫోటోలో పచ్చగా మెరవాలి. రుచి చూపించే రోజున చెల్లెలు నన్నూ వెంటబెట్టుకెళ్లింది.

గిన్నె చూడగానే ఆయన మొహం మాడ్చుకున్నాడు. “గింత నల్లగున్నదేంది? నిన్నటిదా?”

నేను వివరించాను. గోంగూర పులుపే ఒక ఆమ్లం. వేడి తగలగానే అది మెగ్నీషియాన్ని లేపేసి, ఆ చోట రెండు హైడ్రోజన్లను కూర్చోబెడుతుంది. దాంతో ఆకుపచ్చ కాస్తా ఖాకీ అవుతుంది.

“అన్నా, క్లాసు అయిపోయిందా?” అంది చెల్లెలు.

“హోటళ్లల్ల పచ్చగనే పెడతరు గదా సారూ!” అన్నాడాయన.

“సోడా ఏస్తరు. గదీ తెచ్చిన,” అంటూ ఆమె అయిష్టంగా రెండో గిన్నె మూత తీసింది. రామచిలక రంగు. ఆయన వెంటనే ఫోన్ తీశాడు.

“సోడా ఆమ్లాన్ని చంపుతుంది. పులుపు మిగలదు,” అన్నాను.

“పులుపు ఫోటోల పడదు గదా సారూ!”

అప్పటిదాకా మంచం మీద పడుకుని వింటున్న ఆయన తల్లి లేచి కూర్చుంది. “జర ఇటు తే.” పచ్చదాన్ని నాలుక మీద వేసుకుంది. “ఏందిరా ఇది? బచ్చలికూర లెక్కున్నది. పెండ్లికొచ్చేటోళ్లు తినిపోతరా, చూసిపోతరా?” తర్వాత ఖాకీదాన్ని రుచి చూసి, వేడన్నం తెమ్మంది.

తల్లి రెండో ముద్ద తినేసరికి కొడుకు లొంగాడు. “సరే అక్కా, నల్లదే చెయ్యి. ఫోటోలు తీసేటప్పుడు మాత్రం మీద అరిటాకు కప్పు.”

“గట్లనే,” అంది చెల్లెలు. ఆయన మనసు మారకముందే ఎంతమందికి వండాలో అడగసాగింది. ఇంటికి తీసుకెళ్దామని నేను చెయ్యి చాపినా, ముసలావిడ గిన్నె వదల్లేదు.