సీమంతంలో ఆమేన్

మొన్న అమలాపురం ఫంక్షన్ హాల్లో ఒక సీమంతానికి వెళ్లాను. ఎవరో అమ్మాయి ట్రాక్ పెట్టుకుని పాడుతోంది, పాట పూర్తికాకుండానే చప్పట్లు మొదలైపోయాయి. ఆ చప్పట్లు వినగానే నా మొదటి సీమంతం, అంటే నాది కాదులెండి, నేను డబ్బులకి పాడిన మొదటి సీమంతం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటుంటే మావారు వింతగా చూశారు.

మా నాన్నగారు బడిలో మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. నేను ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చర్చి పాటల బృందంలో ముందు వరస. మా మేనమామ హార్మోనియం పట్టుకుని పేరంటాలకీ పెళ్లిళ్లకీ కచేరీలు చేసేవాడు. ఆయన దగ్గర పాడే ఆవిడకి గొంతు పట్టేసిందని ఓ రోజు పొద్దున్నే మా ఇంటిమీదకొచ్చి పడ్డాడు. దేవుడిచ్చిన గొంతుని అద్దెకివ్వడమేమిటని నాన్నగారు కస్సుమన్నారు. అమ్మ తమ్ముడి పక్షమే కాబట్టి చివరికి మెత్తబడి, ఈ ఒక్కసారికి సరే, బయట ఒక్క మాట పడిందా, ఇక జన్మలో పాడేది లేదని తేల్చేశారు. పద్దెనిమిదేళ్ల నాకు పాట మానేయడమంటే అన్నం మానేయడమే.

కొత్తపేట దగ్గర ఒక రైతుగారిల్లు, కొబ్బరాకుల పందిరి, పందిరినిండా పేరంటాళ్లు. గాజులు తొడిగించుకుంటున్న ఆ కాబోయే తల్లి నన్ను చూసి నవ్వేసరికి నా భయం సగం పోయింది. మామయ్య సైకిలు మీద దారిపొడుగునా నేర్పిన లాలిపాట కళ్లు మూసుకుని అందుకున్నాను, బాగానే పాడాను కూడా. చివరి చరణం దగ్గర హార్మోనియం నెమ్మదించగానే, ఎన్నేళ్ల అలవాటో మరి, నా గొంతు నా మాట వినకుండా 'ఆ...మేన్' అని దీర్ఘం తీసేసింది.

పందిట్లో ఒక్క గాజు కదల్లేదు. మామయ్య వేళ్లు మెట్ల మీదే బిగుసుకుపోయాయి. నాకైతే నాన్నగారి మొహమే కళ్లకి కట్టింది, అయిపోయింది నా పాట అనుకున్నాను. అంతలో ఆ అమ్మాయి అత్తగారు పసుపు చేతులతో లేచి నా దగ్గరికి వచ్చింది.

"చివర్న ఏదో అన్నావు, అంటే ఏంటమ్మా?"

"అలాగే జరుగుగాక అనండీ," అన్నాను ఏడుపు గొంతుతో.

"ఆయ్! తథాస్తన్నమాట. కోడలికి సుఖప్రసవం అవ్వాలని పాడి, అలాగే జరగాలంటే తప్పేంటి? మళ్లీ అనమ్మా."

మళ్లీ అన్నాను. ఈసారి పేరంటాళ్లందరూ అవునన్నట్టు ఒక్కసారిగా "ఆయ్" అన్నారు, మామయ్య హార్మోనియం వెనక తల దాచుకుని నవ్వాడు. ఆవిడ మాకు పూతరేకులు కట్టి ఇచ్చి, బారసాలకి కూడా అమ్మాయినే పంపమని కబురు పెట్టింది. జరిగిందంతా మామయ్య చెబుతుంటే విని నాన్నగారు ఒక పూతరేకు నోట్లో వేసుకుని, బారసాల ఎప్పుడట అని మాత్రం అడిగారు.

ఆ తరవాత ఇరవయ్యేళ్లు కోనసీమంతా తిరిగి పాడాను. ఆమేన్ అమ్మాయిగారని పేరు పడింది, పాట చివర్న ఆ మాట లేకపోతే ఊరుకునేవారు కాదు.

మొన్నటి సీమంతం ఆనాడు కడుపులో ఉన్న పిల్ల కూతురిదే. వాళ్లమ్మ ఆనాటి సంగతంతా చెప్పిందట, ఆ లాలిపాటే పాడమని మైకు నా చేతిలో పెట్టారు. సంబరంగా పాడి, చివర్న కావాలనే ఆమేన్ అన్నాను, అప్పటికే మొదలైన చప్పట్లలో అది ఎవరికీ వినబడలేదు. మనసారానే కొట్టారు, కాదనను. కానీ ఆ రోజుల్లో పాటయ్యాక కాసేపు ఎవరూ ఏమీ అనేవారు కాదు. నా తప్పు వినబడింది అప్పుడే, ఆ పెద్దావిడ 'ఆయ్' వినబడిందీ అప్పుడే.