పట్టపగలు చీకటి వాయించడం

మా గూఢచారి నాటకాలన్నీ మిట్టమధ్యాహ్నమే ఆడేవాళ్ళం. విడవలూరు దిగువన సముద్రం ఒడ్డున మా పాలెం. తెల్లవారకముందే వేటకు పోయేవాళ్ళను రాత్రి నాటకం చూడమంటే చూస్తారా? అరవయ్యో దశకంలో నెల్లూరుకు గూఢచారి బొమ్మ వచ్చినప్పుడల్లా పోయి చూసొచ్చి, ఎండాకాలానికొక కొత్త కథ కట్టేవాళ్ళం. కథ మారినా గూఢచారి మాత్రం మా పోస్టుమానే. ఊళ్ళో అందరి గుట్టూ అతనికి ముందే తెలుసు కాబట్టి పెద్దగా నటించాల్సిన పని ఉండేది కాదు.

ప్రతి కథలోనూ అతను చీకట్లో శత్రువు ఇంట్లో దూరి ఫైలు కొట్టెయ్యాలి. పైన చూస్తే ఎండ మాడు పగలగొడుతూ ఉండేది. అందుకని చీకటి తెప్పించే బాధ్యత సంగీతం మీద పడింది.

మొదటి కథకు పద్యనాటకాల హార్మోనిస్టు వచ్చాడు. ఆయన రాగం ఎత్తుకుంటే పోస్టుమాన్ ఒంటికాలి మీద నక్కి నక్కి, అది ముగిసేసరికి తిమ్మిరెక్కి కూలబడ్డాడు. జనం "వన్స్ మోర్" అన్నారు. పాపం, రెండోసారీ కూలబడ్డాడు. రెండో కథకు పెళ్ళిళ్ళ బ్యాండువాళ్ళను పిలిచాం. గూఢచారి దొంగతనంగా రావడం పెళ్ళికొడుకు విడిదింటికి వచ్చినంత వైభవంగా జరిగింది. ఒక పెద్దమ్మ అక్షింతల కోసం చెయ్యి కూడా చాపింది.

మూడో కథకు నన్నడిగారు. మా చర్చిలో హార్మోనియం వాయించేది నేనే. ఆ పెట్టె ముందు పీటంటే నాకు ప్రాణం. వారమంతా చేపలకు ఉప్పు పట్టించే నన్ను ఆదివారం మాత్రం అందరూ తలెత్తి చూసేవాళ్ళు. పాస్టరయ్యగారు ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టారు.

"ఏమన్నా వాయించుకో. మన కీర్తనల జోలికి పోయినావంటే మాత్రం చర్చి పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టి పోవాల."

నెల రోజులు కూర్చుని సొంతంగా చీకటి కట్టాను. తీరా ముందు వరసలో అయ్యగారిని చూసేసరికి కట్టిందంతా మర్చిపోయాను. పోస్టుమాన్ కిటికీలోంచి కాలు లోపల పెట్టాడు. నా వేళ్ళు వాటంతటవే ఆరాధన చివర, దీవెనకు ముందు వాయించే స్వరం ఎత్తుకున్నాయి. భయంతో మెల్లగా, ఎప్పుడూ లేనంత మెల్లగా.

మా దగ్గర ఆ స్వరం వినబడితే ఎవరూ చెప్పనక్కర్లేదు, లేచి కళ్ళు మూసుకుని తల వంచడమే. పాలెం పాలెమంతా లేచి కళ్ళు మూసుకుంది. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన, చర్చి మొహం ఎరగని రైతులు కూడా మర్యాదకు లేచి మూసుకున్నారు. గూఢచారి తాపీగా బీరువా తెరిచి, ఫైలు తీసుకుని, అలవాటు కొద్దీ తనూ ఒకసారి తల వంచాడు. కాపలా ఉన్న శత్రువు అప్పటికే వంచేసి ఉన్నాడు.

ఫైలు పోయినా ఎవరూ కళ్ళు తెరవలేదు. ఆమేన్ పడాలి కదా! అది అయ్యగారే అనాలి. అంటే దొంగతనాన్ని దీవించినట్టు, అనకపోతే జనం పొద్దుగూకేదాకా అట్లాగే నిలబడతారు. ఆపడానికి భయమేసి నేను స్వరాన్ని మళ్ళీ మొదటికి తిప్పాను. చివరికి ఆయన పళ్ళు కొరుకుతూ "ఆమేన్" అన్నారు. కళ్ళు తెరిచినవాళ్ళకు ఖాళీ బీరువా కనబడింది. చప్పట్లే చప్పట్లు. "ఎప్పుడు కొట్టేసినాడ్రా!" అని ఒకటే గోల.

నాటకం అయిపోయాక అయ్యగారు నా దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. తాళంచెవి తీసి ఇచ్చాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు.

"ఆరేళ్ళుగా చర్చిలో వాయిస్తుండావే, ఒక్క ఆదివారమన్నా ఇట్లా వాయించినావా?" అన్నారు.

ఆరేళ్ళూ ఎవరెవరు నన్ను చూస్తున్నారో చూసుకుంటూ, గబగబా ముగించి చేపల పులుసుకు పరిగెత్తినవాణ్ణి. ఏడుపొచ్చింది.

"లేదయ్యగారూ," అన్నాను.

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నారు.